మూలనున్న బొమ్మ

"ఆ మూలనున్న చిన్న బొమ్మ తీసేయండి మేడం. లోగో అన్నాక శుభ్రంగా ఉండాలి" అన్నారు కమిటీవాళ్లు. రేఖకు మనసొప్పలేదు. అయినా తన డిజైన్లోంచి చెరిపేసింది.

జానపద మ్యూజియం లోగో కోసం ఆ చిత్రాన్ని ఆమె సీతంపేట కొండ మీద, సవర సుక్కమ్మ ఇంటి గోడ మీద చూసి గీసుకుంది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో గీసిన పెద్ద గడి, దాన్నిండా మనుషులూ గుర్రాలూ. అడగ్గానే సుక్కమ్మ సరేనంది. "పెద్ద గోడ మీదేస్తారా? ఎప్పుడూ ఉంటాదా?" అని మాత్రం గుచ్చి గుచ్చి అడిగింది.

ప్రారంభం రోజు సుక్కమ్మ కొండ దిగి వచ్చింది. గేటు పక్కన గోడంత లోగో. దగ్గరికెళ్లి ఒక్కో బొమ్మనీ వేలితో తడుముతూ వెతికింది. మూలకొచ్చాక వేలు ఆగిపోయింది.

"మా గుంటడేడమ్మా?"

రేఖకు అర్థం కాలేదు.

"ఈ గడి మా సచ్చిపోయినోళ్ల ఇల్లు. జొరమొచ్చి పోయిన నా కొడుకుని ఆ మూల కూకోబెట్టినాము. ఇంక ఈ పెద్దింట్లో ఉంటాడు కదా అని, నువ్వు బొమ్మ గీసుకెళ్లినాడే మా గోడ అలికీసినాను."

రేఖ లోగో వైపు చూసింది. మూల శుభ్రంగా ఉంది.

"మరిన్నాళ్లూ ఆడెక్కడ పడుకున్నాడమ్మా?"