బటన్ ఒక్కటీ వదిలెయ్యండి

"ఈ పసుపు దెయ్యాన్ని హాల్లో పెడితే, హాల్లో నేనుండను," అంది భార్య.

దెయ్యమంటే కంప్యూటరు పెట్టె. ఒకప్పుడు తెల్లగా ఉండేది. పదిహేనేళ్ళు అన్న ఎదురుగా కూచుని పసుపెక్కింది.

అన్న పోయాడు. పెట్టె మిగిలింది. తమ్ముడి వంతుకి అదే వచ్చింది.

ఆరేళ్ళుగా అన్నదమ్ములకి మాటల్లేవు. "నీ చావుకి కూడా రాను," అన్నాడు తమ్ముడు అప్పట్లో. కబురు రెండ్రోజులు ఆలస్యంగా అందింది. మాట మీద నిలబడ్డ పెద్దమనిషి అయిపోయాడు.

అప్పట్నుంచీ ఏడుపూ రాలేదు, ఆకలీ వెయ్యలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి తెల్లరంగు స్ప్రే డబ్బా కొన్నాడు.

పెరట్లో పాత పేపర్లు పరిచాడు. పెట్టె ముందు భాగం ఊడదీసి, మూతలూ పవర్ బటనూ వరసగా పేర్చాడు. డబ్బా ఊపితే లోపలి గోలీ టకటకలాడింది. వారం నుంచి ఆ ఇంట్లో అంత చప్పుడు చేసింది అదే.

"కడిగారా సార్?"

గేటు దగ్గర ఎవరో. భుజాన సంచి, చేతిలో కవరు, గోళ్ళ సందుల్లో ఎర్రరంగు.

"ఏంటి, మొహమా?"

"ప్లాస్టిక్ సార్. సబ్బుతో జిడ్డు కడిగి, సన్న గరుకు కాయితంతో రుద్దితేగానీ రంగు పట్టదు. నేను కార్లకి రంగులేస్తా. అన్నగారి పక్క గది నాది. ఆయన..."

"ఆయన ఊసు నా దగ్గరెత్తకు."

కవరు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మారింది.

"ఇవాళే ఊరు మారిపోతున్నా సార్. మీకో మాట చెప్పమన్నారు, అందుకని..."

"ఆరేళ్ళు లేని మాట ఇప్పుడెందుకయ్యా?" తమ్ముడు డబ్బా మళ్ళీ ఊపాడు. "నన్ను ఆర్చేవాళ్ళూ తీర్చేవాళ్ళూ అక్కర్లేదు. రంగు ఆరితే చాలు."

నవ్వుతాడేమోనని చూశాడు. అతను నవ్వలేదు. బటన్ వంకే చూస్తున్నాడు.

"సరే సార్. ఆ బటన్ ఒక్కటీ వదిలెయ్యండి. నొక్కీ నొక్కీ దాని మీద అన్నగారి బొటనవేలి గుంట పడిపోయింది."

తమ్ముడు సరిగ్గా దానిమీదే కొట్టాడు. దట్టంగా.

అతను కవరు గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచాడు.

"కారితే కారనివ్వండి గానీ, థిన్నర్‌తో మాత్రం తుడవకండి సార్," అని వెళ్ళిపోయాడు.

"ఎవరండీ?" లోపల్నుంచి భార్య.

"ఉచిత సలహాలరావు."

రంగు కారింది. జిడ్డు మీద పట్టక ముడతలు పడింది.

తమ్ముడు గుడ్డ మీద థిన్నర్ పోసి గట్టిగా తుడిచాడు. రంగుతోపాటు ప్లాస్టిక్కూ జిగురుజిగురుగా లేచొచ్చింది. బటన్ మీద బొటనవేలు ఆనించి చూశాడు. గుంట లేదు. తన వేలిముద్రే మెత్తగా దిగబడింది.

ఏమీ అనిపించలేదు.

జిగట చేతుల్తోనే కవరు చించాడు. ఆస్పత్రి ఫైలు. అన్న పేరు, మంచం నంబరు. కింద అచ్చులో ఒక వాక్యం: 'రోగి దగ్గర రక్తసంబంధీకులను మాత్రమే ఉండనిస్తాము.'

మరి అన్న దగ్గర ఎవరున్నట్టు? అడుగుదామని గేటు దాకా పరిగెత్తాడు. వీధి ఖాళీ. ఏ ఊరని అడగలేదు. పేరైనా అడగలేదు.

కాయితంలో వెతికాడు. 'దగ్గర ఉన్నవారు: సొంత తమ్ముడు' అనే గడి పక్కన, పంతొమ్మిది రోజులకీ పంతొమ్మిది సంతకాలు, ఎవరిదో వంకరటింకర రాతలో, అంచున ఎర్రరంగు మరకలతో, అన్నీ తన పేరుతోనే ఉన్నాయి.