తొమ్మిదో షరతు

"ఆగవయ్యా మల్లేశూ" అంటూ ఇంటి ఓనరు వీరరాఘవులు గేటుకు అడ్డంగా నిలబడేసరికి, ఆటో వెనక సీట్లో ఉన్న త్రివేణి పక్కనున్న మనిషిని గట్టిగా పట్టుకుంది. ఆమె భుజానికి ఒరిగి కూర్చున్న అత్త బాలనర్సమ్మ ప్రాణం పోయి అప్పటికి గంటైంది.

ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగాడాయన.

"దవాఖానకు సార్. అమ్మకు జెరమొచ్చింది" అన్నాడు మల్లేశ్, ఆటో హ్యాండిల్ వదలకుండా.

"అగ్రిమెంటులో తొమ్మిదో షరతు గుర్తుందిగా?"

మరిచిపోతే కదా. ఇంట్లో ఎవరైనా చనిపోతే శవాన్ని అక్కడ ఉంచకూడదు, ఆ రోజే ఇల్లు ఖాళీ చేయాలి. చావుకు కూడా స్టాంపు కాగితం మీద షరతు రాయించుకున్న మహానుభావుడాయన. ఇలాంటిది ఏ కోర్టులోనూ చెల్లదని ఇబ్రహీంపట్నం వకీలు నవ్వేశాడు. నిజమే, కానీ కోర్టు తేల్చేలోపు సామాను రోడ్డు మీద ఉంటుంది. సోమవారం నుంచి కూతురు నవతకు పదో తరగతి పరీక్షలు. అందుకే ముసలామెకు స్వెట్టర్ తొడిగి, శాలువా కప్పి, ఏడుపు మింగుకుని బయల్దేరారు. దవాఖానలో పోయిందని చెప్పి, అటునుంచి అటే సొంతూరికి తీసుకెళ్లాలి.

వీరరాఘవులు ఆటోలోకి వంగాడు. "ఏమ్మా బాలనర్సమ్మా, ఎలా ఉంది?"

"గోలి ఏసుకున్నది సార్. నిద్రవోతున్నది" అంది త్రివేణి.

ఆయన చెయ్యి చాపి ముసలామె నుదుటి మీద పెట్టాడు. ఎంతకీ తీయలేదు.

"జ్వరమన్నారు, చల్లగా ఉందే."

"చెమటవట్టి తగ్గింది సార్."

ఆయన త్రివేణి ముఖంలోకి చూశాడు. ఎంత ఆపుకున్నా ఆమె కళ్లు నిండిపోయాయి. అయిపోయింది, పిల్ల పరీక్షలు మట్టిగొట్టుకుపోయినట్టే అనుకుంది.

వీరరాఘవులు చేతిలోని పాల ప్యాకెట్ గోడ మీద పెట్టి, అటువైపు నుంచి ఆటో ఎక్కాడు. బాలనర్సమ్మ రెండో భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"మీరెందుకు సార్?" అన్నాడు మల్లేశ్, బిత్తరపోయి.

"ఒక్క మనిషి పట్టుకుంటే ఆగదయ్యా" అన్నాడాయన. "మీర్‌పేట్‌లో అద్దెకున్నప్పుడు మా ఆవిడను ఇలాగే తీసుకెళ్లాను. నేనొక్కణ్ణే పట్టుకున్నాను. మొదటి మలుపులోనే రోడ్డు మీద పడిపోయింది."