కోడిపెట్ట పిలుపు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గంటాలమ్మ.

ఒక కోడిపెట్ట తన పిల్ల దూరం పోయినప్పుడల్లా "కొక్కొక్కో, ఇట్రావే" అని పిలిచి, దగ్గరికి రాగానే నెత్తిన పొడిచేది.

"అంత గట్టిగా పొడవకు వదినా, పసిది" అంది బాతు.

"నీ పెంపకం చూశాంలే, నీ పిల్లలెప్పుడూ బురదలోనే" అంది పెట్ట.

ఒకనాడు గద్ద దిగింది. పెట్ట రెక్కలు చాపి "కొక్కొక్కో, ఇట్రావే తల్లీ" అని పిలిచింది. పొడుస్తుందనుకుని పిల్ల అవతలికి పరిగెత్తింది. గద్ద తన్నుకుపోయింది. పెట్ట ఎంతసేపటికీ రెక్కలు ముడవలేదు.

మా బావమరిది అప్పలకొండ మాత్రం, పిల్ల మాట వినక చచ్చిందని ఊరంతా చెబుతున్నాడు. అది పిలుపు విన్నది. వినే పారిపోయింది. నేను చెబితే వాడికెక్కదు, ఎవరన్నా సరిగ్గా చెప్పండయ్యా.