మొదటి కోర్

టెస్టరమ్మ రాజీనామా ఇచ్చి వెళ్లిపోయిన రోజే మేనేజరు ఆమె కుర్చీలో కూర్చుని ప్రాసెసర్ వేగం తానే కొలిచాడు. లోపల పని పంచుకునే ఎనిమిది కోర్లలో ఏడు సమానంగా వచ్చాయి. మొదటిది నూటికి రెండు వంతులు వెనకబడింది. అచ్చం ఆమె రిపోర్టులో ఉన్నట్టే.

“ఇది పాడైందా?” అన్నాడు.

“లేదు సార్,” అన్నాడు పక్క బల్ల టెక్నీషియన్. “అది ఇంటికి పెద్దకోడలు లాంటిది. ఎవరు తలుపు తట్టినా అదే లేవాలి. కీబోర్డూ, నెట్‌వర్కూ అన్నీ దాన్నే పిలుస్తాయి. ఆ పనుల మధ్య పరుగుపందెం పెడితే ఆ మాత్రం వెనకబడదా?”

“మరి ఆవిడ చెప్పొచ్చుగా!”

“చెప్పబోయారు సార్. ‘కుంటిసాకులు ఆపమ్మా! కొలవడం చేతకాకపోతే ఇంట్లో కూర్చో’ అన్నారు మీరు.”

నిన్న ఆ మాటకు నవ్వినవాళ్లంతా తలలు దించుకున్నారు. మేనేజరుకు తల కొట్టేసినట్టయింది. రిపోర్టు చివరి పేజీ తిప్పాడు. పెద్దకోడలి పోలిక తప్ప మిగతాదంతా అక్కడ రాసే ఉంది. నిన్న అతడు మొదటి పేజీ దాటలేదు.

నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలని అతడికి తెలుసు. ఆమె నంబరు ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాడు.

ఇంకా ఫోన్ చేయలేదు.