భాగీరథి తప్పింది

"ఆ అమ్మాయి ఈసారీ తప్పితే, ఒక్కరూ పాస్ కాని ఫారసీ తరగతి ఎత్తేయక తప్పదు ఓబళప్పగారూ. మీ ఉద్యోగమూ దాంతోనే పోతుంది," అన్నారు ప్రిన్సిపాల్.

ఓబళప్ప తల ఊపాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ బెంగళూరు కాలేజీలో ఫారసీ చదివేవాళ్ళు తగ్గిపోయి, చివరికి భాగీరథి ఒక్కతే మిగిలింది. ఆమె అప్పటికే రెండుసార్లు తప్పింది. యాభై దాటిన ఓబళప్పకు ఇంకో విద్య రాదు. ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు.

వరండాలో భాగీరథి తండ్రి పాపయ్య ఎదురొచ్చాడు. చిక్కపేటలో పట్టుబట్టల అంగడి ఆయనది.

"అయ్యవారూ, ఎట్లన్నా ఈ తూరి పాస్ చేయించప్పా. డిగ్రీ అయ్యేదాకా పెండ్లి చేయనని, పోయేటప్పుడు దాని తల్లికి మాటిచ్చినా. కె.ఆర్.పురంలో మా బావమరిది దీనికోసం కాచుకోని ఉండాడు. ఈ తూరి తప్పితే ఇంగ ఆగడంట. వేరే పిల్లను చేసుకుంటాడంట."

"ఆయనకు రెండో పెండ్లా?"

"అయితే ఏమప్పా? రైసు మిల్లు ఉండాది, భూమి ఉండాది."

పక్కనే భాగీరథి తల వంచుకుని నిలబడింది.

మౌఖిక పరీక్షకు ప్రిన్సిపాల్ కూడా వచ్చి కూర్చున్నారు. గుమ్మం దగ్గర పాపయ్య.

"మీది ఏ ఊరమ్మా? ఫారసీలో చెప్పు," అన్నాడు ఓబళప్ప.

భాగీరథి తల అడ్డంగా ఊపింది.

"పోనీ, నీళ్ళను ఏమంటారు?"

"తెలీదు సార్."

ప్రిన్సిపాల్ ఓబళప్ప చెవి దగ్గరికి వంగారు. "ఏదో ఒకటి చెప్పిందనుకుని పాస్ చేసేయండి. మీకే మంచిది."

ఓబళప్ప ఇంట్లో భార్యకు ఏం చెప్పాలి? రేపటి నుంచి ఎక్కడికి పోవాలి? భాగీరథి వంక ఒకసారి చూసి, మార్కుల కాగితం ముందుకు లాక్కున్నాడు.

"తప్పింది," అన్నాడు చివరికి.

పాపయ్య మండిపడ్డాడు. "ఇన్నేండ్లు నేర్పి, నీళ్ళనే మాట కూడా నేర్పలేకపోతివి! నువ్వేం అయ్యవారివి?" అని, జట్కా పిలవడానికి విసురుగా వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ కూడా లేచి బయటికి నడిచారు.

ఓబళప్ప తన పుస్తకాలు సర్దుకోసాగాడు. భాగీరథి వచ్చి ఆయన కాళ్ళకు మొక్కింది.

"మీ మేలు మరవను," అంది, ఒక్క తప్పూ లేని ఫారసీలో.