కూర్మమ్మ బాకీ

నరసన్నపేటలో రైస్‌మిల్లు జగన్నాధం ఐపీ పెట్టేశాడు. అతను బాకీ ఉన్నవాళ్లందరికీ కోర్టు నోటీసులు వెళ్లాయి. కూర్మమ్మకీ ఒకటి వచ్చింది.

వాయిదా రోజున పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళం వచ్చింది. కోర్టు వరండాలో బల్ల మీద ఒక మూలకి కూర్చుంది. ఆకలి లేదు. కోపం ఎప్పుడో ఆరిపోయింది.

పక్కన చూడామణి ఉంది. సంగీతం టీచరుగా రిటైరై, చేతికొచ్చిందంతా రెండు రూపాయల వడ్డీకి జగన్నాధం దగ్గర పోసిన మనిషి. ఆవిడే సంగతంతా విడమరిచి చెప్పింది. జగన్నాధం తన వల్ల కాదని చేతులెత్తేశాడు. ఇక మిల్లు వేలం వేస్తారు. బాకీ రుజువైనవాళ్లకి వాటాలు పంచుతారు. రూపాయికి పావలా వస్తే గొప్ప. ఆ తర్వాత అతని గుమ్మం తొక్కే హక్కు ఎవరికీ ఉండదు.

"నీకెంత రావాలమ్మా?"

"నాలుగు లచ్చలు."

చూడామణి ఆమె వెలిసిన చీర వంక చూసింది. "ఎంత వడ్డీకిచ్చావు?"

"వడ్డీ నేదు."

"నాకంటే వెర్రిదానివి దొరికావే. మీ ఇంటాయనకి తెలిసే జరిగిందా ఇదంతా?"

"ఆయనకి తెల్దు."

చూడామణి నవ్వింది. ఆడవాళ్ల బాకీలన్నీ ఇంతేనంది. ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చింది. కూర్మమ్మ పుచ్చుకుంది. అది చల్లారిపోయేదాకా చేతిలోనే ఉండిపోయింది.

ఇంతలో కూర్మమ్మ లాయరు వచ్చి ఆమెని పక్కకి పిలిచాడు. ఐపీల్లో దొంగ బాకీలు కూడా రాయిస్తారు, అందుకని మిల్లు మీద అప్పిచ్చిన బ్యాంకు లాయరు ఒక్కొక్కరినీ గుచ్చి గుచ్చి అడుగుతాడన్నాడు. జగన్నాధం రాసిచ్చిన నోటులో చేబదులని ఉంది కాబట్టి పొలం అమ్మిన డబ్బు ఇచ్చానని చెప్పమన్నాడు. వేరే మాట నోట్లోంచి వచ్చిందా, నోటు చెల్లదు, పైసా రాదు. ఆమె ఇంట్లో ఆ వాటా తప్ప మరో ఆధారం లేదని ఆయనకీ తెలుసు. కూర్మమ్మ తలూపింది.

పేరు పిలిచారు. బోనెక్కింది.

బ్యాంకు లాయరు ప్రామిసరీ నోటు పైకెత్తి చూపించాడు. కూలికి పోయే మనిషికి నాలుగు లక్షలు ఎక్కడివన్నాడు. పొలం అమ్మానంది. ఏ ఊళ్లో, ఎంత, ఎవరికి అని అడిగాడు. కూర్మమ్మకి ఊరి పేరు కూడా తోచలేదు. ఈవిడ జగన్నాధానికి రూపాయి ఇవ్వలేదని, ఇది దొంగ బాకీ అని, దీన్ని కొట్టేయాలని లాయరు గొంతు పెంచాడు.

ఆమె లాయరు కళ్లతో ఏదో సైగ చేస్తున్నాడు. బెంచీ మీద జగన్నాధం తల వంచుకుని కూర్చున్నాడు.

జడ్జిగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"భయపడకమ్మా. ఆయన ఈ నోటు రాసిచ్చినందుకు నువ్వు ఆయనకి ఏమిచ్చావు?"

కూర్మమ్మ ఆ కాగితం వైపు చూసింది.

"మిల్లు బెల్టులో పడి సచ్చిపోయిన మా ఇంటాయన్ని, పోలీసులకి సెప్పకుండా కాల్సేత్తానని మాటిచ్చినాను బాబూ."