రెండు నిమిషాల మౌనం

హాస్యనటుడు గవర్రాజు పోయి మూడేళ్లయింది. సినిమాలు మాత్రం నెలకొకటి వస్తూనే ఉన్నాయి, ఆయన ముఖాన్నీ గొంతునూ ఓ కంపెనీ కొనేసుకుంది మరి. వర్ధంతి సభకు అమలాపురం అభిమాన సంఘం అధ్యక్షుడు వీరభద్రం కట్టించిన ఫ్లెక్సీలోనూ గవర్రాజు కళ్లు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. కదలని ఫ్లెక్సీలు ఈ రోజుల్లో ఎవరు కడుతున్నారు?

వేదిక మీద ఆయన కూతురు హైమ మైకు పుచ్చుకుంది.

"మా నాన్నగారు ఇంట్లో పెదవి విప్పేవారు కాదండి. ఆయన పక్కన ఊరికే కూర్చునేదాన్ని. ఓ రెండు నిమిషాలు అలా మౌనంగా ఉంటే చాలండి."

అందరూ లేచి తలలు వంచారు. జనం నవ్వడం మానేస్తే నవ్వించడమే ఫ్లెక్సీకి నేర్పిన పని. గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"ఏంటండీ బాబూ, ఎవరన్నా పోయారా ఏంటి?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే మైదానమంతా గొల్లున నవ్వింది. ఆనాడు పాడె మోసిన వీరభద్రం పంటి బిగువున ఆపుకుందామని చూశాడు గానీ, వల్ల కాలేదు.

కళ్లు తుడుచుకుని చూస్తే హైమ మెట్లు దిగి వెళ్లిపోతోంది.

"ఎవరండీ ఆవిడ, నవ్వకుండా పోతోంది?" అంది ఫ్లెక్సీ.

దానికి ఇంకా ఎక్కువ నవ్వారు.